ఆడ ఓడదొంగల మీద చారిత్రక నవల రాయదలచిన మెట్ట జిల్లాల వారికి

నల్లగొండలోనో పాలమూరులోనో ఉండి, తెరచాప ఓడల కాలంలో దోపిడీకి దిగిన స్త్రీల మీద నవల రాస్తున్నామని చెబితే, వినేవారు ముందు ముఖంలోకి చూస్తారు, తరువాత పానగల్లు ఉదయసముద్రం తప్ప వేరే సముద్రం ఎప్పుడైనా చూశారా అని అడుగుతారు. కరువు, వలస, సాయుధ పోరాటం మన వస్తువులనీ, ఓడలూ రేవులూ కోస్తా జిల్లాల వాటా అనీ ఎవరో పెద్దమనుషులు కూర్చుని ఆస్తి పంచినట్టు మాట్లాడటం మన సాహిత్య సభల్లో మామూలే. ఆ పంపకాన్ని పట్టించుకోనక్కరలేదు. 1720 నాటి కరీబియన్ సముద్రాన్ని బందరువారూ చూడలేదు, భీమునిపట్నంవారూ చూడలేదు. అందరికీ మిగిలినవి కోర్టు కాగితాలు, గవర్నర్ల ప్రకటనలు, సరుకుల లెక్కలు మాత్రమే. వాటిని ఓపికగా చదివి, అందులోని మనుషులు ఏ పని చేసి పొట్ట పోసుకున్నారో పట్టుకోగలిగితే, నవలకు కావలసిన సరంజామాలో ముప్పాతిక చేతికి వచ్చినట్టే. ఆ చదవడం ఎలాగో, చదివినదాన్ని కథగా మలచుకోవడం ఎలాగో ఈ వ్యాసంలో చెబుతాను.

నాయికను తేల్చుకోవడం

ఆడ ఓడదొంగలనగానే ఒకే మూసలో పోసిన వీరనారి కళ్లముందు మెదులుతుంది. చరిత్రలో కనిపించే స్త్రీలకు ఒకరితో ఒకరికి పోలికే లేదు. ఐర్లండ్ పశ్చిమ తీరానికి చెందిన గ్రేస్ ఒమాలీ ఒక వంశానికి నాయకురాలు. ఆమె ఓడలకు తెరచాపలతో పాటు తెడ్లు కూడా ఉండేవి. 1593లో ఆమె గ్రీనిచ్‌లో ఎలిజబెత్ రాణిని కలిసింది. దానికి ముందు ప్రభుత్వం రాతపూర్వకంగా వేసిన 18 ప్రశ్నలకు ఆమె ఇచ్చిన జవాబులు ఇప్పటికీ ఉన్నాయి గాని, రాణితో ఏం మాట్లాడిందో రాసిపెట్టినవారు లేరు. మొరాకోలోని తెతువాన్ నగరాన్ని 16వ శతాబ్దం తొలి భాగంలో ఏలిన సయ్యిదా అల్ హుర్రాది రాజకీయ కథ; 1542లో పదవి పోయే వరకు ఆమె పేరున మధ్యధరా సముద్రంలో దాడులు జరిగాయి. ఈ ఇద్దరి గురించి రాసేవారు దొంగతనం గురించి కన్నా పాలన గురించి ఎక్కువ రాయవలసి వస్తుంది.

దక్షిణ చైనా తీరపు జెంగ్ యీ సావో సంగతి పూర్తిగా వేరు. 1807లో భర్త జెంగ్ యీ చనిపోయాక, అతని దత్తపుత్రుడు జాంగ్ బావోను వెంట పెట్టుకుని, రంగురంగుల జెండాల కింద చీలి ఉన్న దొంగల దండులన్నిటినీ ఒక కూటమిగా నిలబెట్టింది. ఆమె ఆదాయంలో పెద్ద భాగం కత్తి దూసి తెచ్చుకున్నది కాదు. ఉప్పు ఓడలకూ చేపల పడవలకూ రక్షణ పత్రాలు అమ్మి, వాటి మీద వసూలు చేసిన రుసుము అది. ఆమె మీద రాయదలచినవారు యుద్ధ దృశ్యాల కన్నా ముందు ఆ వసూళ్ల కచేరీని ఊహించుకోవాలి: రసీదులు, ముద్రలు, బేరాలు, ఎగవేతలు. 1810లో ఆమె ఆయుధం లేకుండా, స్త్రీలనూ పిల్లలనూ వెంట తీసుకుని గవర్నర్ జనరల్ బై లింగ్ దగ్గరికి వెళ్లి లొంగుబాటు షరతులు మాట్లాడుకుంది. ఆ తరువాత 1844 వరకు బతికింది. కథ చివర నాయిక చావాలి అని పట్టుబట్టే మన అలవాటుకు ఈమె జీవితం మంచి విరుగుడు. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆమె పేరున చలామణీ అయ్యే కఠినమైన శిక్షాస్మృతిని చైనా రచయిత జాంగ్ బావోకు ఆపాదించాడు. దానిని ఆమె నోట పలికించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

మొదటిసారి రాసేవారికి మాత్రం నేను 1720లో జమైకాలో దొంగతనం కింద విచారణకు నిలబడిన ఆన్ బానీ, మేరీ రీడ్‌ల కేసునే సూచిస్తాను. వారిద్దరి కథ అరిగిపోయిందని అనేవారున్నారు. అరిగిపోయింది వారి మీద అల్లిన ప్రేమకథ. కేసు కాగితాలలోని సంగతులకు ఇంకా పదును ఉంది.

సాక్ష్యాన్ని చదవడం

1720 ఆగస్టులో బహామా దీవుల్లోని నసావు రేవు నుంచి జాన్ రాకమ్ అనేవాడు కొందరిని వెంటేసుకుని విలియమ్ అనే ఓడను ఎత్తుకుపోయాడు. సెప్టెంబర్ 5న గవర్నర్ వుడ్స్ రోజర్స్ జారీ చేసిన ప్రకటనలో ఆ ఓడ మోయగల బరువు 12 టన్నులని, దాని మీద నాలుగు ఫిరంగులూ రెండు తిప్పుడు తుపాకులూ ఉన్నాయని, దొంగల్లో ఇద్దరు స్త్రీలున్నారని పేర్లతో సహా ఉంది. ఈ 12 టన్నులన్న మాట దగ్గర ఆగాలి. అది ఒంటి స్తంభపు చిన్న ఓడ. సినిమాల్లో చూసే మూడంతస్తుల మేడ కాదు. ఎక్కినవారు పదిహేను మందికి లోపే. అందులో ఎవరికీ విడి గది ఉండదు, గుట్టుగా మాట్లాడుకునే మూల ఉండదు. ఒకరి దగ్గు అందరికీ వినిపిస్తుంది. నవలలో నాయిక తన గదిలో అద్దం ముందు కూర్చుని ఆలోచిస్తున్నట్టు ఒక్క వాక్యం రాసినా, కాగితం చదివిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

దోచిన సరుకు లెక్క కూడా కోర్టు కాగితాల్లోనే ఉంది. మొదట ఏడు చేపల పడవలను పట్టుకుని, పది పౌండ్ల విలువైన చేపలనూ వలలూ గాలాల వంటి సామగ్రినీ తీసుకున్నారు. అక్టోబర్‌లో జమైకా ఉత్తర తీరాన ఒక పడవ నుంచి 50 చుట్టల పొగాకు, 9 సంచుల మసాలా మిరియం గుంజుకున్నారు. బంగారు నాణేలతో నిండిన పెట్టెలు, దీవిలో పాతిపెట్టిన నిధి, పలక మీద నడిపించి సముద్రంలో తోసేయడం, ఇవన్నీ ఎక్కువగా తరువాతి కథకుల సృష్టి. పేద బెస్తవాడి వల గుంజుకున్న దొంగను నాయికగా నిలబెట్టడం నిధి దొరికిన దొంగను నిలబెట్టడం కన్నా చాలా కష్టం. ఆ కష్టంలోనే నవల ఉంది. వల పోయినవాడి ఇంట్లో ఆ వారం పొయ్యి వెలిగిందో లేదో ఒక్క పేరాలోనైనా చూపించకపోతే మీరు దొంగల పక్షాన భజన చేస్తున్నట్టే లెక్క.

అసలు నిక్షేపం డొరొతీ థామస్ సాక్ష్యం. ఈమె జమైకా ఉత్తర తీరాన కొంత సామగ్రి, తిండి దినుసులు వేసుకుని చిన్న డోనెలో పోతుండగా దొంగలు పట్టుకుని దోచుకున్నారు. కోర్టులో ఆమె చెప్పినదాని ప్రకారం, ఆ ఇద్దరు స్త్రీలు మగవారి కోట్లు, పొడవైన లాగులు వేసుకుని, తలకు రుమాళ్లు కట్టుకుని, చెరొక కొడవలి లాంటి కత్తి, చెరొక పిస్తోలు పట్టుకున్నారు. మగ వేషంలో ఉన్నా వారి వక్షాలు చూసి ఆడవారని తనకు తెలిసిందని ఆమె చెప్పింది. అంతకన్నా ముఖ్యమైనది తరువాతి మాట: రేపు తమకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది కనుక ఈమెను చంపేయండని ఆ స్త్రీలిద్దరూ మగవారిని తిడుతూ తొందరపెట్టారు. మగవారు చంపలేదు. ఆమె బతికి, స్పానిష్ టౌన్ కోర్టుకు వచ్చి, వారు భయపడిన సాక్ష్యమే చెప్పింది.

ఈ ఒక్క ఘటన చుట్టూ నవల మొత్తం తిప్పవచ్చు. ముగ్గురు స్త్రీలు నడిసముద్రంలో ఎదురుపడ్డారు. అందులో ఇద్దరు మూడో ఆమెను చంపమన్నారు. లెక్క వేస్తే వారి అంచనాయే నిజమైంది. నన్నడిగితే కథ చెప్పవలసింది బానీ కాదు, రీడ్ కాదు, డొరొతీ థామసే. ఆమెకు వారి మీద జాలి ఉండనక్కరలేదు, అభిమానం అసలే ఉండనక్కరలేదు. తన డోనెలోని కోళ్లనో దుంపలనో (ఏమున్నాయో మీరు ఊహించుకోవచ్చు) పోగొట్టుకున్న మనిషి చూపుతో రాస్తే, ఆడవారు కత్తి పట్టగానే గొప్పవారైపోయారన్న చవకబారు మెచ్చుకోలు దానంతటదే తప్పిపోతుంది.

మరో ఇద్దరు ఫ్రెంచి సాక్షులు ఇంకొక సంగతి చెప్పారు. ఏదైనా ఓడ కనబడి వెంటాడేటప్పుడు ఆ స్త్రీలు మగబట్టలు వేసుకునేవారట, మిగతా వేళల్లో ఆడబట్టల్లోనే ఉండేవారట. బానీ మగవారికి తుపాకి మందు అందించేదట. ఇద్దరూ ఎవరి బలవంతమూ లేకుండా తమ ఇష్టం మీదనే ఉన్నట్టు కనిపించారట. అంటే ఓడ మీద వారు స్త్రీలన్నది రహస్యం కాదు. రహస్యం బయటపడే ఘట్టం కోసం వంద పేజీలు దాచిపెట్టే నవలలన్నీ ఈ ఒక్క వాక్యం ముందు నిలబడవు. వారిలో ఒకరు మగవాడిగా పెరిగారని, ఫ్లాండర్స్‌లో సిపాయిగా పోరాడారని, ఇంకొకరు ఐర్లండ్‌లో ఒక వకీలుకు పుట్టారని మనం వినేదంతా 1724లో లండన్‌లో వెలువడిన ఓడదొంగల చరిత్ర పుస్తకం నుంచి వచ్చినది. ఉరికంబం ఎక్కబోతున్న రాకమ్‌ను బానీ ఎత్తిపొడిచిందన్న ప్రసిద్ధమైన మాట కూడా అక్కడిదే, కోర్టుది కాదు. ఆ పుస్తకాన్ని వాడుకోకూడదని కాదు. కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన మాటనూ, మూడేళ్ల తరువాత అమ్మకం కోసం అచ్చేసిన మాటనూ విడివిడిగా, రెండు నోటుపుస్తకాల్లో రాసుకోవాలి. మీ నోట్సులో ఆ రెండూ కలిసిపోతే తరువాత విడదీయడం అసాధ్యం.

ఓడ మీద పని

కథలో మనిషి నిలబడాలంటే ఆమె చేతులు ఏదో ఒకటి చేస్తుండాలి. చెక్క ఓడలోకి నీరు ఊరుతూనే ఉంటుంది, కనుక పంపు కొట్టడం రోజువారీ పని. తెరచాప చిరిగితే కుట్టాలి, తాడు పీచు లేస్తే అతకాలి, తారు పూయాలి. నాలుగేసి గంటల చొప్పున కాపలా మారుతుంది. అరగంటకొకసారి ఇసుక గడియారం తిప్పి గంట కొడతారు. ఓడ వేగాన్ని ముడులు వేసిన తాడును నీటిలోకి వదిలి, అర నిమిషపు ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముడులు చేతి నుంచి జారిపోయాయో లెక్కపెట్టి తెలుసుకునేవారు. గాలి అనుకూలించి ఓడ 5 ముడుల వేగంతో పోయిందంటే రోజుకు సుమారు 220 కిలోమీటర్లు నడిచినట్టు. గాలి లేకపోతే అక్కడే. మీ కథలోని ప్రయాణాలన్నిటినీ ఈ లెక్కతో ఒకసారి సరిచూసుకోండి.

పాఠకుడికి తెలియని, నాటకీయత మెండుగా ఉన్న పని ఒకటుంది: ఓడ అడుగు గీకడం. వెచ్చని సముద్రంలో తిరిగే చెక్క ఓడ అడుగున నాచు, గుల్లలు పట్టి వేగం చచ్చిపోతుంది, పురుగులు చెక్కను తొలిచేస్తాయి. వేగమే ప్రాణంగా బతికే దొంగలు కొన్ని నెలలకొకసారి జనసంచారం లేని ఒడ్డు వెతుక్కుని, ఫిరంగులూ సామానూ దించేసి, ఓడను పక్కకు ఒరిగించి, నిప్పుతో కాల్చి, గీకి, తారు కొవ్వూ పూసేవారు. అన్ని రోజులూ వారు పారిపోలేరు, సరిగా పోరాడలేరు. గొడవలన్నీ బయటపడటానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఇద్దరు స్త్రీలు మోకాళ్ల మీద కూర్చుని గుల్లలు గీకుతూ మాట్లాడుకునే దృశ్యం ఒకటి రాసి చూడండి. గుల్ల అంచుకు వేళ్లు తెగుతాయి, తారు పొగకు కళ్లు మండుతాయి, తలెత్తితే ఎవరైనా వస్తున్నారేమోనని దిగంతం వైపే చూపు పోతుంది.

పిస్తోలు గురించి ఒక మాట. ఆనాటి పిస్తోలు ఒక్కసారి పేలుతుంది. మళ్లీ నింపాలంటే గొట్టంలో మందు పోసి, గుండు దించి, కడ్డీతో దట్టించి, చెవి దగ్గరి చిన్న పళ్లెంలో సన్నమందు వేసి మూయాలి. ఆ మందు తడిస్తే చెకుముకి రాయి నిప్పు రాల్చినా పేలదు. అందుకే ఒక్కొక్కరు రెండు మూడు పిస్తోళ్లు పట్టీకి తగిలించుకునేవారు, పేలిన తరువాత దాని మడమతో కొట్టేవారు. మీ నాయిక వానలో ఆరుగురిని కాల్చి చంపిందంటే ఆమె వేరే శతాబ్దానికి చెందినదన్నమాట.

కాలదోషాలు ఎక్కువగా దొర్లేది సాధనాల్లో. 1720 కథలో సెక్స్‌టెంట్ (సూర్యుడి, నక్షత్రాల ఎత్తు కొలిచి ఓడ ఎక్కడుందో తెలుసుకునే సాధనం) ఉండకూడదు. అది 1757 ప్రాంతంలో వచ్చింది, దానికి ముందుదైన ఆక్టెంట్ కూడా 1731 నాటిది. ఓడ తూర్పు పడమరలుగా ఎక్కడుందో ఖచ్చితంగా చెప్పగల గడియారాన్ని సముద్రం మీద పరీక్షించింది 1761లో. బ్రిటిష్ నౌకాదళంలో నిమ్మరసం పంపిణీ 1795లో స్థిరపడింది, కనుక అంతకుముందు చిగుళ్లు వాచి పళ్లు ఊడిపోయేవారికి మందేమిటో మీ పాత్రలకు రూఢిగా తెలియదు. అగ్గిపుల్ల 1820ల తరువాతిది. చిన్న ఓడకు గుండ్రని చక్రం ఉండదు, చుక్కానికి పొడవైన కర్ర ఉంటుంది. రాకమ్‌దని చెప్పి అందరూ వేసే, పుర్రె కింద రెండు కత్తుల జెండాకు ఆనాటి ఆధారం లేదు. ముఖచిత్రం వేసేవారికి ఈ సంగతి ముందే చెప్పండి, తరువాత చెబితే వినరు.

ఇక దొంగల ఓడలోని పెత్తనం సంగతి. పాలమూరు వలస కూలీల గుంపును ఎరిగినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వ్యాపార ఓడల నావికుడి బతుకు అడ్వాన్సు పట్టి, బాకీల్లో ఇరుక్కుని, మేస్త్రీ చెప్పిందే లెక్కగా గడిపే కూలీ బతుకే. దొంగల ఓడలో కప్తానును తామే ఎన్నుకునేవారు. వెంటాడేటప్పుడూ పోరాడేటప్పుడూ అతని మాటే మాట గాని, మిగతా వేళ తిండి పంచడం, వాటాలు వేయడం, తగవులు తీర్చడం క్వార్టర్ మాస్టర్ చేతిలో ఉండేవి. అందరికీ ఒక వాటా అయితే కప్తానుకు ఒకటిన్నరో రెండో. కాలు పోతే ఇంత, చేయి పోతే ఇంత అని ముందే రాసుకునేవారు. దీనిని చూసి మురిసిపోయి వారిని సమసమాజ నిర్మాతలుగా చిత్రించే ముందు, బార్తొలొమ్యూ రాబర్ట్స్ అనే మరో దొంగ కప్తాను ఓడ ఒప్పందంలో స్త్రీని మారువేషంలో ఓడెక్కించినవాడికి మరణశిక్ష రాసి ఉందన్నది కూడా చదువుకోవాలి. రాకమ్ ఓడలో ఇద్దరు స్త్రీలుండటం మినహాయింపు. ఆ మినహాయింపుకు ఆ ఓడలోని మగవారు ఎలా ఒప్పుకున్నారన్నది కాగితాల్లో లేదు. అది మీరు రాయవలసిన అధ్యాయం.

వేషం, చట్టం

మగవేషం గురించి రాసేటప్పుడు మన నేల మీదనే ఒక పాఠం ఉంది. కాకతి రుద్రమను శాసనాలు రుద్రదేవ మహారాజు అని మగ పేరుతో పేర్కొన్నాయి. ఆమె మరణకాలం మనకు తెలిసింది నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనం వల్ల. 1289లో పువ్వుల ముమ్మడి అనే సేవకుడు, శివలోకం చేరిన రుద్రమ పుణ్యం కోసం భూమి దానం ఇస్తూ వేయించిన రాయి అది. అధికారానికి మగ పేరు, చావుకు ఒక సేవకుడి దానపత్రం. ఓడదొంగల మీద రాయబోయేవారు ఒకసారి చందుపట్లకు వెళ్లి ఆ రాయిని చూసి రావడం వృథా పోదు. కాగితంలో స్త్రీ ఏ పేరుతో, ఎవరి అవసరం కోసం, ఎక్కడ కనిపిస్తుందో చూసే అలవాటు అక్కడ పడుతుంది.

మగవేషంలో నిజంగానే నెలల తరబడి గుట్టు కాపాడుకున్న స్త్రీ కావాలంటే హానా స్నెల్ ఉంది. ఆమె దొంగ కాదు, ఇంగ్లండ్ నౌకాదళపు సిపాయి. 1748లో పుదుచ్చేరి ముట్టడికి, 1749లో దేవికోట దాడికి వచ్చి, 1750లో ఇంటికి చేరాక తాను ఆడదాన్నని తానే బయటపెట్టింది. పడక, స్నానం, నెలసరి, గాయానికి కట్టు, ఈ నాలుగింటికీ జవాబు సిద్ధం చేసుకోకుండా మగవేషపు కథ మొదలుపెట్టవద్దు.

చట్టం విషయంలో బానీ, రీడ్‌ల విచారణ క్రమాన్ని ఉన్నదున్నట్టు వాడుకోవడమే మేలు, ఎందుకంటే అంతకన్నా బిగువుగా కల్పించడం కష్టం. జొనాథన్ బార్నెట్ ఓడ రాత్రి వేళ వారిని పట్టుకుంది. జమైకా గవర్నర్ నికొలస్ లాజ్ అధ్యక్షతన నవంబర్ 16న రాకమ్‌ను విచారించి 18న ఉరి తీశారు. నవంబర్ 28న స్త్రీల విచారణ జరిగింది. సాక్షులను అడగవలసిన ప్రశ్నలున్నాయా అంటే లేవన్నారు, తమ తరఫు సాక్షులున్నారా అంటే లేరన్నారు. ఉరిశిక్ష చదివిన తరువాత మాత్రం ఇద్దరూ తాము గర్భవతులమని చెప్పి శిక్ష ఆపమని కోరారు. కడుపులో బిడ్డ ఉండగా ఉరి తీయరాదన్నది ఇంగ్లిష్ చట్టం. పరీక్షకు ఉత్తర్వు అయింది, శిక్ష ఆగింది. కేసు మొత్తంలో వారు తమ కోసం నోరు తెరిచింది ఆ ఒక్కసారే. నవలాకారులు ఇక్కడ వారి చేత పెద్ద ఉపన్యాసం ఇప్పించాలని ఉబలాటపడతారు. వద్దు. ఆ మౌనాన్ని ముట్టుకోకుండా, ఆ గదిలో చెమట పట్టిన చొక్కాలతో కూర్చున్న మగవారి ముఖాలు రాయండి చాలు.

పానగల్లు నుంచి బందరుకు

కొందరికి తెలుగు నాయికే కావాలని ఉంటుంది. ఆమె పూర్తిగా మీ కల్పన అవుతుంది గాని, ఆమె నడిచే దారి కల్పన కానక్కరలేదు. గోల్కొండ సుల్తానుల పెద్ద రేవు మచిలీపట్నం. డచ్చివారు 17వ శతాబ్దపు తొలి ఏళ్లలోనే, ఇంగ్లిష్‌వారు 1611లో అక్కడ వర్తకశాలలు పెట్టారు. రాజధాని నుంచి రేవుకు ఎద్దుబండ్లు సాగిన బాటలు నల్లగొండ ప్రాంతం మీదుగానే పోయాయి. 1630-32 నాటి కరువు దక్కన్‌ను పీల్చి పిప్పి చేసింది. కరువు కాలాల్లో డచ్చివారు కోరమాండల్ తీరంలో మనుషులను కొని బటావియాకు (నేటి జకార్తా) తరలించారు. తూర్పున అరకాన్, పోర్చుగీసు దొంగలు బంగాళాఖాతపు ఊళ్ల మీద పడి మనుషులను ఎత్తుకుపోయేవారు. 1666లో మొఘలులు చిట్టగాంగ్ పట్టుకునే దాకా ఆ బెడద తగ్గలేదు. పానగల్లు చెరువు ఎండిన ఏడు ఇల్లు విడిచిన పిల్ల బందరు చేరి, అక్కడి నుంచి ఓడ ఎక్కడానికి ఇంతకన్నా వేరే మలుపు ఏదీ అక్కరలేదు. సముద్రం చూడని రచయితకు సముద్రం చూడని నాయిక కలిసివస్తుంది కూడా. ఆమెకు తెలియనిది మీరు వర్ణించనక్కరలేదు, ఆమెతో పాటు నేర్చుకుంటే సరిపోతుంది.

ఆ తీరపు సంగతులు మాత్రం పొరపడకూడదు. మచిలీపట్నంలో పెద్ద ఓడ ఒడ్డుకు ఆనదు; లోతు చాలక దూరంగా లంగరు వేస్తుంది. మనుషులూ సరుకూ మేకులు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో నురగ అలలు దాటాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపానుల భయంతో ఓడలు ఆ తీరాన్ని తప్పించుకునేవి, కనుక దీపావళి నాటి చీకట్లో మీ దొంగల ఓడ బందరు ముందు తీరిగ్గా లంగరు వేసి ఉందని రాయకండి. దేశీ ఓడ అయితే కాలాన్ని 24 నిమిషాల ఘడియల్లో కొలవండి. అంతకన్నా వెనక్కి, కాకతీయుల కాలానికి పోతే మోటుపల్లి రేవులో గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఉంది. గాలివానకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా గుంజుకునేవారని, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోనని రాజు అందులో చెప్పాడు. రాజు గుంజుకుంటే హక్కు, పేదవాడు గుంజుకుంటే దొంగతనం అనే చర్చ నవలలో పెట్టదలిస్తే ఇంతకన్నా మంచి రాయి దొరకదు. అయితే ఆ కాలపు కథలో మిరపకాయ, పొగాకు పెట్టకూడదు. రెండూ పోర్చుగీసువారి తరువాతే వచ్చాయి.

ఒక కష్టమైన సంగతిని దాటవేయకండి. 1695లో హెన్రీ ఎవెరీ అనే ఇంగ్లిష్ దొంగ మక్కా యాత్రికులతో సూరత్‌కు వస్తున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయిని కొల్లగొట్టినప్పుడు, అందులోని స్త్రీల మీద జరిగిన అఘాయిత్యాన్ని, కొందరు సముద్రంలో దూకడాన్ని మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. దొంగల ఓడ మీద స్త్రీని నిలబెట్టే రచయిత, ఎదుటి ఓడలో చిక్కిన స్త్రీలను ఆమె ఏం చేస్తుందో తేల్చి తీరాలి. కాపాడితే ఆమెకు ఆ బలం ఎక్కడిది, ఊరుకుంటే ఆ రాత్రి ఆమె ఎలా నిద్రపోయింది అన్న వాటికి జవాబు రాయకుండా తరువాతి అధ్యాయానికి పోకూడదు.

సంభాషణల విషయంలో నా పద్ధతి ఇది. కథనం గ్రంథభాషకు దగ్గరగా ఉండవచ్చు. నాయిక మాత్రం మన జిల్లా మాటే మాట్లాడాలి, బందరు సరంగు తన మాట తాను మాట్లాడాలి.

"ఏమ్మాయ్, నీకు ఈత వచ్చా?"

"రాదయ్యా. మా దిక్కు బాయిలు గూడ ఎండినయ్, ఏడ నేర్సుకోవాలె?"

"మరి పడవ తిరగబడితే ఏం చేస్తావ్?"

"నువ్వున్నవ్ గద, పట్టుకుంటవో ఇడుస్తవో నీ ధర్మం."

17వ శతాబ్దంలో ఎవరూ అచ్చంగా ఇలా మాట్లాడి ఉండరు. ఆ కాలపు తెలుగును తిరిగి సృష్టించబోతే చదివేవారికి నాటకం చూసినట్టుంటుంది. ఇద్దరి యాసల మధ్య దూరం వినిపిస్తే, ఆమె ఎంత దూరం వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. జమైకా దొంగల చేత మాత్రం నల్లగొండ యాస మాట్లాడించకండి. అది నవ్వు తెప్పిస్తుంది. వారికి యాస లేని, చిన్న చిన్న వాక్యాల వాడుక భాష చాలు.

అనుభవం కోసం సోమశిలకో నాగార్జునసాగర్‌కో వెళ్లండి. లాంచీలో తిరిగి వస్తే లాభం లేదు, దానికి ఇంజను ఉంటుంది. కృష్ణలో చేపలు పట్టే బెస్తవారి పుట్టిలో కూర్చుని, గాలి ఎదురైనప్పుడు వారి భుజాలు ఏం చేస్తాయో, గాలి వైపు ముఖం తిప్పకుండానే దాని దిక్కు ఎలా చెబుతారో గమనించాలి. వల బాగుచేసే ఆడవారి పక్కన ఒక పూట కూర్చుంటే, మీ నాయిక చేతులకు కావలసిన కదలికలన్నీ దొరుకుతాయి. వీలైతే బందరు వెళ్లి డచ్చివారి సమాధులు చూసి రండి; ఆ రాళ్ల మీద రేవు వైభవం కన్నా, అక్కడికి వచ్చి చిన్న వయసులోనే పోయినవారి లెక్క ఎక్కువగా కనిపిస్తుంది.

ముగింపు, ముందుమాట

మేరీ రీడ్‌ను 1721 ఏప్రిల్ 28న జమైకాలో ఖననం చేసినట్టు చర్చి రిజిస్టరులో ఉంది. ఆన్ బానీ మాత్రం జైలు తరువాత ఏమైందో ఖాయంగా తెలియదు. తండ్రి వచ్చి విడిపించాడని, పెళ్లి చేసుకుని పిల్లలను కన్నదని, ముసలితనంలో చనిపోయిందని రకరకాల కథలున్నాయి. వాటిలో ఒకదానిని ఎంచుకుని ముగించడం కన్నా, జైలు గుమస్తా రిజిస్టరులో ఆమె పేరు రాయవలసిన గడి ఖాళీగా వదిలిన రోజు దగ్గర నవల ఆపడం నాకు సబబుగా తోస్తుంది. జెంగ్ యీ సావో మీద రాసేవారికి ఈ ఇబ్బంది లేదు. ఆమె చివరి ముప్ఫై నాలుగేళ్లు దొంగతనం లేని జీవితం, దానికి కనీసం మూడు అధ్యాయాలైనా ఇవ్వాలి.

ముందుమాటలో రెండు పేజీలు కేటాయించి, ఏ పాత్రలు చరిత్రలో ఉన్నవారో, ఏ సంభాషణలు సాక్ష్యాల నుంచి తీసుకున్నవో, ఏ తేదీలను కథ కోసం జరిపారో స్పష్టంగా రాయండి. పానగల్లు పిల్ల కల్పితమని అక్కడే చెప్పండి, లేకుంటే రెండేళ్లు తిరిగేసరికి ఆమెకు పానగల్లులో విగ్రహం పెట్టాలని ఎవరో ఒకరు వినతిపత్రం ఇస్తారు.